అద్దె అడగని గోడ

గోడకు కింది వైపు, సందు చివరి గది
వానలు వెనకబట్టిన వారం

బావా,

ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం క్షేమం. అక్కడ నీ కుడి చెవి తప్ప అందరూ క్షేమమనే అనుకుంటున్నాను. ఆ చెవి నీకంటే ముందే రిటైరైంది కాబట్టి ఫోను జోలికి పోకుండా ఉత్తరమే రాస్తున్నాను. పోస్టుమాస్టరుగా పనిచేసినవాడికి ఉత్తరం రాయకపోతే అన్నం పెట్టి ఉప్పు మరిచినట్టు ఉంటుందని అక్క అంటుంది కూడా.

ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది మన రాకపోకల సంగతి. నడుమ ఉన్నదల్లా గూడ్సు రైలు మానేసిన పాత కట్ట, దాని అడుగున ఈ గోడ. టీకొట్టు మేడెక్కితే అక్క ఆరేసిన దుప్పటి కనిపిస్తుంది. కానీ ఆ దుప్పటి దాకా రావాలంటే రెండు బస్సులు మారాలి, రెండో బస్సుకి మెట్లు ఎత్తు. దుప్పటి ఆరేశారంటే అక్కకు ఒంట్లో బాగున్నట్టే అనుకుని దిగి వచ్చేస్తుంటాను.

అసలు సంగతి. మన స్కేలు నిన్న మా సందుకు వచ్చింది. నీ కూతురే అయినా నా మేనకోడలు కాబట్టి ఆ పేరు పెట్టే హక్కు నాది. బడికి పోకముందే నా కాలి బొటనవేలు స్కేలుతో కొలిచి "మావయ్యా, ఇది వంకర" అని తేల్చిన పిల్ల, ఇప్పుడు నగరపాలక సంస్థలో కూర్చుని ఊరి వంకరలు కొలుస్తోంది. కట్ట మీద చెట్లు వేసి నడక దారి చేస్తారట. మా బడి ఆటస్థలం, సంత వెనక ఖాళీ జాగా, మీ లైబ్రరీ ముందరి ఆవరణ, మూడింటినీ ఆ దారికి కలుపుతారట. మా సందు చివర గోడ తెరిచి అక్కణ్ణించి పైకి రెండు దారులు పెడతారు: తొందరపడేవాళ్ళకు మెట్లు, మోకాళ్ళున్నవాళ్ళకు చుట్టూ తిరిగి ఎక్కే ర్యాంపు.

కాగితం నేల మీద పరిచి, నాలుగు మూలలా మా టీగ్లాసులు పెట్టి చెప్పింది. తర్వాత "ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని, సాయంత్రం పూట ఎక్కడ కూర్చోవాలనిపిస్తే అక్కడ వేసుకోండి" అంది. బావా, ఈ సందులో నేను కేను అల్లని కుర్చీ లేదు. ఒక్కో కుర్చీ చూస్తే ఆ మనిషి కూర్చునే తీరు తెలుస్తుంది. కోపిష్టి కుర్చీకి ముందు అంచు తెగుతుంది, బద్ధకస్తుడి కుర్చీకి నడుము దగ్గర. ఇది చెబుతూ పోతే పోస్టేజీ పెరుగుతుంది, వదిలేస్తాను. టీకొట్టు పెద్దమ్మ తన కుర్చీని దారికి ఎదురుగా వేసింది, ఎవరెవరు పక్క కొట్లో తాగుతున్నారో చూడాలి కదా. ఇస్త్రీ ఆయన దారికి వీపు పెట్టి వేశాడు. "పొద్దంతా జనం బట్టలే చూస్తున్నాను, సాయంత్రం జనాన్ని కూడా చూడాలా?" అన్నాడు. స్కేలు ఎవర్నీ సర్దమనలేదు, ప్రతి కుర్చీనీ కాగితం మీద ఉన్నచోటే గీసుకుంది. నా కుర్చీ ఎక్కడ వేశానో నువ్వే ఊహించుకో. టీకొట్టు మేడ మీద, దుప్పటి కనిపించే చోట.

మా ఇల్లుగలాయన కూడా వచ్చాడు. ఈ వరస గదులన్నీ ఆయనవే. ఎండా వానా లేకపోయినా గొడుగు వదలడు, అందుకే గొడుగాయన అంటాం. కుర్చీ తేలేదు. పుచ్చకాయ కొనేవాడిలా మా గోడల్ని గొడుగు కొసతో తట్టి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

అక్కకు చెప్పు, చెప్పులు కొత్తవి కొనుక్కోమని.

మీ బామ్మర్ది


పై కాలనీ, లైబ్రరీ పక్క ఇల్లు
నెలాఖరు

బామ్మర్దీ,

ఉత్తరం అందింది. ఎప్పటిలాగే మీ అక్కకు గట్టిగా చదివి వినిపించాను. ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి, కానీ నా గొంతులో వింటేనే ఉత్తరంలా ఉంటుందని నా నమ్మకం. చెప్పుల మాట వచ్చేసరికి లోపలికి వెళ్ళి కొత్త జత తెచ్చి చూపించింది. నీ ఉత్తరం కంటే ముందే కొందట. రోజూ ఇంట్లోనే వేసుకుని తిరుగుతోంది, కరవకుండా అలవాటు చేసుకోవడానికి.

మా కాలనీ సంఘం మీటింగు జరిగింది. నేను అధ్యక్షుణ్ణి ఎలా అయ్యానో నీకు తెలుసు, ఎన్నుకున్న రోజు నేను ఊళ్ళో లేను. గోడ తెరిస్తే గేటు పెట్టి తాళం వేయాలని కొందరు, తాళం చెవి తమ దగ్గరే ఉండాలని మరికొందరు. నేను లేచి, "తాళం వేసే దారికి దారి అని ఎందుకు పేరు? అలమరా అనండి" అన్నాను. నీ సావాసం వల్ల నాకూ నాలుగు మాటలు అబ్బాయి. తాళం మాట వెనక్కి పోయింది.

ఇంకో సంతోషం. లైబ్రరీ ముందు ఫౌంటెన్ పెడుతున్నారు. అడిగింది నేనే. రంగు దీపాలతో, నీళ్ళు మూడు అంతస్తులుగా లేచేది. బొమ్మ కూడా చూపించారు. సాయంత్రాలు దాని పక్కన కూర్చుని పేపరు చదువుకుంటూ నీలాంటి పనిలేనివాళ్ళకు సలహాలు ఇస్తాను.

ఒక పని చేసిపెట్టు. రెండు వైపులవాళ్ళనూ కూర్చోబెట్టి ఉమ్మడి సమావేశం పెడుతున్నారు. మీ సందు తరఫున పెద్దవాడివి నువ్వు. మోకాళ్ళతో అంత దూరం రాలేవు కాబట్టి మీ అభిప్రాయం రాసి పంపు, నేను చదువుతాను. అమ్మాయికి ఇది సొంతంగా చేస్తున్న మొదటి పని. చూసి రాయి.

మీ బావ


సందు చివరి గది
చలి మొదలవుతున్న రోజులు

బావా,

అభిప్రాయం రాయమన్నావు. బాగా ఆలోచించి రాస్తున్నాను. నాకు ఈ దారి వద్దు.

కారణం చెప్పకుండా వద్దంటే మీ ఆఫీసు బుద్ధికి ఎక్కదు కదా, విను. దారి పడితే నువ్వు రోజూ సాయంత్రం దిగివస్తావు. నా టీపొడి డబ్బా నెలకు బదులు వారానికే అడుగంటుతుంది. సరే, అది భరిస్తాను. అక్క వస్తుంది. నా గది చూస్తుంది. గదిలో తాళ్ళెక్కడ, కేనెక్కడ, నేనెక్కడ అని వెతుక్కోవాలి. చూశాక ఆవిడ ఊరుకోదు, చీపురు పట్టుకుంటుంది. అదీ భరిస్తాను.

మూడోది ఉంది. స్కేలు గీసిన బొమ్మలో మా సందు చాలా బాగుంది బావా. ఇరువైపులా చెట్లు, దీపాలు, కూర్చోవడానికి అరుగులు. అంత బాగున్న సందులో నాలాంటివాడు ఇమడడు. కొత్త చొక్కాకు పాత బొత్తాం కుట్టినట్టుంటుంది. టీకొట్టు పెద్దమ్మా, ఇస్త్రీ ఆయనా, నేనూ బస్సెక్కి వచ్చి, ఆహా మన సందు ఎంత బాగుపడిందీ అని చూసి, మళ్ళీ బస్సెక్కి పోవాలి. రెండో బస్సుకి మెట్లు ఎత్తని చెప్పాను కదా.

అందుకని గోడనలా ఉండనివ్వమను. గోడలకు చెవులుంటాయంటారు, నోరుండదు. ఇన్నేళ్ళలో మమ్మల్ని అద్దె అడగనిది ఈ చుట్టుపక్కల ఆ గోడ ఒక్కటే.

ఇదే నా అభిప్రాయం. చదువు.

మీ బామ్మర్ది


పై కాలనీ
సమావేశం మర్నాడు

బామ్మర్దీ,

చంపావు పో. సమావేశం మొత్తం నీదే.

టీపొడి దగ్గర మొదలైన నవ్వు చీపురు దగ్గర హోరెత్తింది. పెద్ద ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అద్దె అడగని గోడ" అన్నాక ఇంకోసారి చదవమన్నారు, చదివాను. అంతకుముందు తాళం కోసం పట్టుబట్టినవాళ్ళు కూడా, ఇంత సరదా మనుషులు కింద ఉంటే గేటెందుకండీ అన్నారు. మీ సందు నుంచి ఇంకెవరూ రాలేదు కాబట్టి, నీ ఉత్తరాన్ని బట్టే కింది వీధివారు సంతోషంగా సమ్మతించారని రాసుకున్నారు. నేనే రాయించాను.

మన స్కేలు మాత్రం నవ్వలేదు. పని ఒత్తిడి అయి ఉంటుంది, పిల్ల చిక్కిపోయింది. తండ్రి చదువుతుంటే కూతురు నవ్వకూడదని ఏమైనా పెట్టుకుందేమో. ఆ కాగితం ఒకసారి ఇవ్వు నాన్నా అని అడిగి, నిలబడే మళ్ళీ చదువుకుంది.

గోడ మీద తెరవాల్సిన చోట సుద్దతో గీత కూడా గీశారు. మీ వైపు కనిపిస్తోందా? మా వైపు తలుపంత బొమ్మ. మీ అక్క మేడ మీదికి కుర్చీ వేయించుకుని దాన్నే చూస్తూ కూర్చుంది, ఇప్పుడే తెరుచుకుంటుందేమో అన్నట్టు.

వచ్చే నెలలో పని మొదలు. టీపొడి నిండుగా ఉంచు.

మీ బావ


సందు చివరి గది

బావగారికి,

నమస్కారం. మీ ఉత్తరం చేరింది.

నేను పంపినది నవ్వడానికి రాయలేదు. నా చేతికి అలవాటైన తీరులో రాశాను, అంతే.

కుర్చీల రోజు సంగతి మీకు రాసిన మర్నాడే మా ఇల్లుగలాయన వచ్చి చెప్పాడు. గోడ తెరుచుకోగానే ఈ వరసంతా ఒక లాడ్జి కట్టేవాళ్ళకు అమ్ముతాడట. బేరం కూడా నడుస్తోంది. అందరూ వేరే చోటు చూసుకోమన్నాడు. మర్యాదగానే చెప్పాడు, గొడుగు ముడిచి చెప్పాడు. ఈ చుట్టుపక్కల ఇంత అద్దెకు గది దొరకదు. దొరికిన చోటుకి ఇక్కడివాళ్ళు కుర్చీలు తీసుకుని రారు. పెద్దమ్మ టీకి, ఇస్త్రీ ఆయన పెట్టెకి కూడా అంతే.

అమ్మాయికి చెప్పకండి. ఆమె పని మంచిది. నా వల్ల ఆగిందనే మాట ఆమె మీదికి రావడం నాకు ఇష్టం లేదు. అక్కకూ చెప్పకండి. మీ ఇంట్లో గది ఉందని కూడా రాయకండి. అక్క ఇంట్లో తమ్ముడు మొదటి వారం చుట్టం, నెల తిరిగితే సామాను.

ఉంటాను.


పై కాలనీ
బాగా చలిగా ఉంది

తమ్ముడూ,

బామ్మర్ది అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ముందు ఇది చదువు, తర్వాత తిట్టు.

నీ ఉత్తరం ఎప్పటిలాగే గట్టిగా మొదలుపెట్టాను. "బావగారికి" అనగానే మీ అక్క పొయ్యి ఆపేసి వచ్చి నిలబడింది. మనం ఎరిగిన ఇన్నేళ్ళలో నన్ను నువ్వు "గారు" అనలేదు, నా పెళ్ళిలో కూడా. ఆమెకు చెప్పొద్దన్న మాట దాకా వచ్చేసరికి ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని తనే చదువుకుంది. "వాడు చిన్నప్పుడు మేకు గుచ్చుకున్నా నవ్వేవాడు. మనం పాదం చూడాలి, మొహం కాదు" అంది. నాకు పాదం చూడటం రాలేదు. బామ్మర్ది నోరు తెరిస్తే జోకే అని నలభై ఏళ్ళుగా ముందే నవ్వి కూర్చుంటున్నాను. నువ్వు నిజం చెప్పినా నా నవ్వు ముందే సిద్ధంగా ఉంది.

సంఘాన్నీ ఆఫీసువాళ్ళనూ మళ్ళీ పిలిపించాను. అభిప్రాయమని నువ్వు పంపిన ఉత్తరమే, అదే, మళ్ళీ చదివాను. ఈసారి కౌంటర్లో టెలిగ్రాము చదివి చెప్పినట్టు, గొంతు ఎత్తకుండా, దించకుండా. టీపొడి దగ్గర ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. చివరికి, "ఇందులో జోకేమీ లేదు, మొన్న నేను తప్పు చదివాను" అని కూర్చున్నాను.

స్కేలు లేచింది. "నాకు మొన్ననే వినబడింది. కుర్చీలు గీసుకున్నాను గాని, రేపు ఆ కుర్చీల్లో వీళ్ళే కూర్చుంటారో లేదో అడగలేదు" అంది. మీ సందులో అడిగి లాడ్జి బేరం సంగతి తెలుసుకుని, వారం నుంచి దారి వెతుకుతోందట. ఆ గదుల వరసను నగరపాలక సంస్థే ఇప్పటి ధరకు కొని, ఉన్నవాళ్ళకే ఇదే అద్దెకు, దీర్ఘకాలం రాసివ్వాలి. కాగితాలు చేతికి వచ్చాకే గోడ తెరవాలి. ఈలోగా ఆటస్థలం, సంత జాగా, కట్ట మీద దారి, అన్నీ కట్టుకుంటూ పోతారు, సొమ్ము వెనక్కి పోకుండా. గోడ మాత్రం చివర.

"మరి కొనడానికి డబ్బు?" అన్నాడు పెద్ద ఇంజనీరు. పిల్ల నా వైపు చూసింది. నాకు అర్థమైంది. ఫౌంటెన్ తీసేయమన్నాను. రంగు దీపాలు కూడా. పైకి గట్టిగానే అన్నాను గాని, నీ దగ్గర దాచడమెందుకు, ఆ రోజు అన్నం సయించలేదు.

ఒకాయన లేచి, "వాళ్ళకోసం మేమెందుకు ఆగాలి? ఆయన ఇల్లు, ఆయన అమ్ముకుంటాడు" అన్నాడు. అప్పుడు జరిగింది చెబుతా. మీ అక్క తన కుర్చీ మోయించుకుని వచ్చింది, నువ్వు పెళ్ళికి అల్లి ఇచ్చిన కేను కుర్చీ. దాన్ని ఆయన ఎదురుగా వేయించి కూర్చుని, "బాబూ, ఈ కుర్చీ అల్లినవాడు అటువైపు లేకపోతే గోడ తెరుచుకుని నేను ఎవరి మొహం చూడటానికి వెళ్ళాలి? లాడ్జి మొహమా?" అంది. ఆ వెంటనే, "మీ కుర్చీ కూడా వాడి దగ్గరకే పంపారుగా నిరుడు" అంది. ఆయన కూర్చున్నాడు.

ఒప్పుకున్నారు. గొడుగాయన ఇంకా ఒప్పుకోలేదు. గది ఉందని రాయొద్దన్నావు, రాయడం లేదు.

తిట్టు. కానీ "గారు" తీసేసి తిట్టు.

మీ బావ


సందు చివరి గది
మామూలు ఎండలు

బావా,

గారు తీసేశాను. తిట్లు ఎదురుపడ్డప్పుడు ఇస్తాను, తపాలాలో పంపితే బరువు.

ఆలస్యంగా రాస్తున్నానని తెలుసు. నాకు కూడా చెయ్యి రాలేదు. పైగా ఈ నెలలన్నీ ఈ సందు ఒక వింత నాటకం చూసింది. కట్ట మీద దారి తయారైంది. చెట్లు నడుమెత్తు పెరిగాయి. ఆ దారి రెండు వైపుల నుంచీ తిన్నగా గోడ దాకా వచ్చి, చుట్టాల ఇంటికి తాళం చూసినవాడిలా ఆగిపోతుంది. సాయంత్రం మీ వాళ్ళు వచ్చి గోడను చూసి వెనక్కి తిరుగుతారు. మా వాళ్ళు ఇటు నుంచి వచ్చి గోడను చూసి వెనక్కి తిరుగుతారు. పెద్దమ్మ గోడ మీంచి అటు చేతులకు టీగ్లాసులు అందించడం మొదలుపెట్టింది. గ్లాసులు మాత్రం సరిగ్గా తిరిగి రావని ఫిర్యాదు. మీ వైపు చూడు.

గొడుగాయన దగ్గరకు స్కేలు ఎన్నిసార్లు తిరిగిందో. ఆయన లెక్క ఒకటే, గోడ తెరిస్తే ధర లేస్తుంది, అప్పుడు మాట్లాడదాం అని. చివరికి పిల్ల ఆయన్ను తీసుకొచ్చి గోడ ముందు నిలబెట్టింది. "మీరు సంతకం పెట్టేదాకా ఇది తెరుచుకోదు. తెరుచుకోకపోతే మీ గదులు నిన్న ఎంతో రేపూ అంతే. లాడ్జివాళ్ళు గోడ చూడటానికి రారు" అంది. ఆయన గొడుగు కొసతో గోడను తట్టి చూశాడు. బాగా గట్టిగానే ఉంది. మొన్న సంతకం పెట్టాడు. ధర మరీ తక్కువేం కాదులే, ఆయన ముఖంలో ఏడుపేమీ లేదు.

కాగితం అందరికీ ఇచ్చాక స్కేలు నా గదిలోకి వచ్చి, కేను కట్టలు పక్కకు జరిపి నేల మీద కూర్చుంది.

"మావయ్యా, నాకెందుకు చెప్పలేదు?"

"నీ మొదటి పనికి నేనే అడ్డం పడనా అమ్మడూ?"

"అడ్డం పడాల్సింది నువ్వే కదా. నువ్వు చెప్పకపోతే నిన్ను ఖాళీ చేయించి నీ చోట చెట్టు నాటేదాన్ని."

"మంచిదేగా, చెట్టు నాకంటే నీడనిస్తుంది."

"మళ్ళీనా? ఇది నవ్వేదా, వినేదా, ముందే చెప్పు."

"నవ్వేదే," అన్నాను. అప్పుడు నవ్వింది. బావా, ఆ పిల్ల నవ్వితే అచ్చు అక్కే. పోతూ పోతూ నా వంకర బొటనవేలు చూసి, అలాగే ఉంది అని రాసుకుంది.

గోడ ఎల్లుండి పొద్దున తెరుస్తారు. ఈ ఉత్తరం రేపటికి చేరుతుంది. అక్కను ఎక్కడికీ కదలొద్దను, మోకాళ్ళు జాగ్రత్త. ఆఖరి ఇటుక పడగానే ముందు నేనే వస్తాను. నీ ఫౌంటెన్ సంగతి మరిచిపోలేదు. లైబ్రరీ ముందు నీకోసం ఒక కుర్చీ అల్లి తెస్తున్నాను. నీళ్ళు లేవవు, నువ్వు లేస్తే చాలు.

మీ బామ్మర్ది


నీ గదిలోంచి, నీ స్టూలు మీద కూర్చుని

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ మీ బావ చదివితే విన్నాను, ఆయన రాస్తే పంపాను. ఇది నా చేత్తో రాస్తున్నాను. నీ పెన్సిలు మొద్దుబారింది, చెక్కుకో.

కదలొద్దని రాశావట. గోడ పడుతున్న చప్పుడు వింటూ ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. నేను ర్యాంపు మీద నెమ్మదిగా దిగుతున్నాను, నువ్వు కుర్చీ భుజాన వేసుకుని మెట్ల మీద ఎగబాకుతున్నావు. పిలిచాను. జనం చప్పట్ల గోలలో వినలేదు. నీ వీపు మాత్రం కనిపించింది. నీకు వెనక జుట్టు అంతా పోయిందని నాకెవరూ చెప్పలేదు.

తాళం చెవి కిటికీ పైన ఉంది, చిన్నప్పటి చోటే. తలుపు తీశాను. గది నువ్వు రాసినంత అధ్వాన్నంగా లేదు, ఊడవలేదు కూడా, భయపడకు. టీపొడి డబ్బా నిండుగా ఉంది. పెద్దమ్మ వచ్చి, పాలు ఇచ్చి, నన్ను చూసి, "మా కుర్చీలాయన ఎప్పుడూ చెప్పే అక్కవి నువ్వేనా?" అంది. అవునన్నాను. గోడకు నీ కాగితం మేకు కొట్టి పెట్టావు, దీర్ఘకాలం అని ఉన్న చోట గీత గీశావు. చదివాను. రెండుసార్లు.

ఈపాటికి అక్కడ మీ బావ నీతో పోట్లాడుతూ ఉంటాడు. పోట్లాడనీ, చాలా రోజులైంది. ఈ చీటీ ఇస్త్రీ ఆయన పైకి వెళుతూ తెచ్చి ఇస్తాడు. ఇది అందగానే ఇద్దరూ పరుగెత్తుకు రాకండి. మెట్లు వద్దు, ర్యాంపు మీదే రండి, చుట్టు అయినా.

టీకి నీళ్ళు పెట్టాను. మీరు వచ్చేదాకా దించను.

అక్క